అక్రా నుంచి రోడ్డు మీద లోమె: అసలు పని సరిహద్దు దగ్గరే

"ఘనా రాజధాని అక్రాలో ఉద్యోగాలు చేస్తున్న నలుగురం. ఇద్దరం తెలుగువాళ్లం, ఇద్దరు ఘనా స్నేహితులు. మూడు రోజుల సెలవులో టోగో, బెనిన్ రెండూ చూసి రావొచ్చా?" అని మీ ప్రశ్న.

బెనిన్ మానేయండి. రెండు దేశాలంటే నాలుగు సార్లు సరిహద్దు దాటాలి. దాటిన ప్రతిసారీ రెండు కౌంటర్లు, అంటే ఎనిమిది స్టాంపులు. పైగా బెనిన్ నుంచి తిరిగొచ్చేటప్పుడు మళ్లీ టోగోలోకే అడుగుపెడతారు కాబట్టి, సింగిల్ ఎంట్రీ వీసా అయితే అక్కడే ఆగిపోతారు. టోగో రాజధాని లోమె నుంచి బెనిన్‌లోని కోటొనూ నగరం దాదాపు 150 కిలోమీటర్లు. బెనిన్ గడియారం టోగో కంటే గంట ముందుంటుంది, ఆ గంట కూడా పోయినట్టే. యూట్యూబ్‌లో "మూడు రోజుల్లో మూడు దేశాలు" అని పెట్టేవాళ్లు చూపించేది బస్సు కిటికీయే. లోమె ఒక్కటే పెట్టుకుంటే రెండు రోజులు కడుపు నిండా తిరగొచ్చు.

ముందు కాగితాలు. మీ ఘనా స్నేహితులకు ఎకోవాస్ (పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి) ఒప్పందం ప్రకారం 90 రోజుల వరకు వీసా అక్కర్లేదు. భారతీయ పాస్‌పోర్టుకు కావాలి. కొన్ని రోజుల ముందే ఆన్‌లైన్‌లో పెట్టి, అనుమతి పత్రం రెండు ప్రింట్లు తీసుకోండి, ఫోన్‌లో చూపిస్తే ఒప్పుకోని కౌంటర్లున్నాయి. దీనికంటే పెద్ద పొరపాటు ఘనా వైపు జరుగుతుంది. మీరు ఘనాలో ఉన్నది సింగిల్ ఎంట్రీ వీసా మీదైతే, బయటకు అడుగుపెట్టగానే అది పనికిరాకుండా పోతుంది. రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లు కూడా తిరిగి రావడానికి ఇంకేమైనా కావాలేమో ఆఫీసులో హెచ్‌ఆర్‌ని ముందే అడగాలి. పసుపు జ్వరం టీకా కార్డు పాస్‌పోర్టులోనే పెట్టుకోండి. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం టీకా కేంద్రంలో వేయించుకున్న కార్డు చాలు. 2016 నుంచి ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుంది. కొత్తగా వేయించుకుంటే మాత్రం పది రోజులు గడిస్తేనే లెక్క.

సొంత కారు వద్దు. కారుతో దాటాలంటే ఎకోవాస్ దేశాల్లో చెల్లే బ్రౌన్ కార్డు అనే బండి ఇన్సూరెన్సు కావాలి, బండికి విడిగా అనుమతి తీసుకోవాలి, బండి మీ పేరు మీద లేకపోతే యజమాని రాసిచ్చిన పత్రం కావాలి. లోమె ఊరు సరిహద్దు గేటుకు ఆనుకునే ఉంది, నడిచి దాటడమే సుఖం. అక్రాలో టుడూ స్టేషన్ నుంచి ఘనా వైపు సరిహద్దు ఊరు అఫ్లావోకు వ్యాన్లు ఉంటాయి, నిండితేనే కదులుతాయి. దూరం 190 కిలోమీటర్ల పైమాట, నాలుగు గంటలు వేసుకోండి. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే దారిలో తేమా పట్టణం రద్దీ తప్పుతుంది. సోగకోపె దగ్గర వోల్టా నది వంతెన రాగానే కిటికీల్లోకి గంపలు వస్తాయి. మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించిన అబొలో, దాంతోపాటు కరకరలాడే చిన్న వేపుడు చేపలు. ఆ చేపల్ని "వన్ మ్యాన్ థౌజండ్" అంటారు. అబొలో కొంచెం తియ్యగా ఉంటుంది, శాకాహారులు అదొక్కటీ తీసుకోవచ్చు. అకాట్సి దాటాక చెక్‌పోస్టులు ఎక్కువ, పాస్‌పోర్టు బ్యాగు అడుగున పెట్టకండి.

ఇక అఫ్లావో. వ్యాను తలుపు తెరిచేలోపే గోరో బాయ్స్, అంటే దళారులు, మీ సంచి పట్టుకుంటారు. "పాస్‌పోర్టు ఇవ్వు, స్టాంపు కొట్టించుకొస్తా" అంటారు. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకండి. సరిహద్దుకు ఇటూ అటూ ఉన్నది ఎవే జాతి జనమే. పొద్దున్నుంచి రాత్రి దాకా తలల మీద మూటలతో తిరుగుతూనే ఉంటారు, వాళ్లను ఎవరూ ఆపరు. ఆ గుంపు వెంట నడిస్తే తెలియకుండానే లోమెలో తేలతారు, స్టాంపు లేకుండా! టోగో పోలీసు పేజీలు తిప్పి ఘనా ఎగ్జిట్ స్టాంపు కోసం వెతుకుతాడు, లేకపోతే వెనక్కి పంపుతాడు. అతనూ చూడకుండా మీరు ఊళ్లోకి వెళ్లిపోతే, తర్వాత ఏ తనిఖీలోనైనా దొంగతనంగా వచ్చినట్టే లెక్క. కాబట్టి మొదట ఘనా ఇమిగ్రేషన్ హాలు, తర్వాతే నడక, ఆ తర్వాత టోగో కౌంటరు. కిటికీ దగ్గరే నిలబడి స్టాంపు చదవండి. తేదీ సరిగ్గా పడిందా, టోగో వైపు "ఆంత్రే" (ప్రవేశం) అని ఉందా, పొరపాటున "సోర్తీ" (నిష్క్రమణ) పడిందా చూడాలి. మీ ఘనా మిత్రుల పని తొందరగా అయిపోతుంది, ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. ఫోన్ బయటకు తీసి ఫొటోలు మాత్రం వద్దు, లాక్కుంటారు.

డబ్బు మార్పిడి దగ్గర కూడా కళ్లు తెరుచుకోవాలి. వెయ్యి సీఎఫ్‌ఏకి (టోగో డబ్బు) ఎన్ని సెడీలో (ఘనా డబ్బు) పొద్దున్నే చూసి కాగితం మీద రాసుకోండి. డబ్బు మార్చేవాడి క్యాలిక్యులేటర్ నమ్మకండి, మీ ఫోన్‌లో వేయండి. లెక్కపెట్టి ఇచ్చాక "ఆగు, తప్పయింది" అని కట్ట వెనక్కి తీసుకుని మళ్లీ ఇస్తే, మొదటి నుంచి మళ్లీ లెక్కపెట్టాలి, మధ్యలో నోట్లు మాయమయ్యేది అప్పుడే. పదివేల నోట్లు తీసుకోకండి. లోమెలో ఎక్కడ చూసినా చిల్లర కరువే, "పా ద మొనే" (చిల్లర లేదు) అనే మాట రోజంతా వింటారు. వెయ్యి, అయిదొందల నోట్లు, వంద నాణేలు అడిగి తీసుకోండి. జెమిజాన్ (మోటారు సైకిల్ టాక్సీ) ఎక్కకముందే బేరం తేల్చుకోవాలి.

లోమెలో మొదటి రోజు గ్రాండ్ మార్కెట్. వాక్స్ గుడ్డ (ముదురు రంగుల ఆఫ్రికన్ ప్రింటు నూలు బట్ట) అమ్మే ఆడవాళ్లు కొలిచేది "పాన్య"లో. ఒక పాన్య అంటే రెండు గజాలు. ఆరు గజాలంటే మూడు పాన్యలు. ధర పాన్యకా, మొత్తానికా అని అడగకపోతే గొడవ అక్కడే వస్తుంది. అసలు ప్రింటు రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది, ఒక వైపే రంగు గాఢంగా ఉంటే చవక రకం. శాకాహారులకు అయిమొలు ఉంది, అన్నంలో బొబ్బర్లు కలిపి వండేది. పక్కన వేసే కారంలో ఎండు రొయ్యలో చేపలో ఉంటాయి, అది వేయించుకోకండి. సముద్రం చూడ్డానికే, దిగడానికి కాదు. కాళ్ల కింద ఇసుక లాగేసే ప్రవాహం ఆ తీరమంతా ఉంటుంది.

రెండో రోజు టోగో సరస్సు ఒడ్డున ఉన్న అగ్బోద్రాఫో వెళ్లి, అక్కడి నుంచి పడవలో అవతలి ఒడ్డున ఉన్న టోగోవిల్. సరస్సు లోతు తక్కువ, గోదావరి లంకల్లో లాగే గడ వేసి తోస్తారు. పడవ ధర రానూపోనూ కలిపి మాట్లాడుకోండి. 1884లో జర్మన్లు స్థానిక రాజుతో ఒప్పందం రాసుకున్నది ఈ ఊళ్లోనే, దేశానికి పేరు కూడా ఈ ఊరిదే.

మూడో రోజు మధ్యాహ్నానికల్లా సరిహద్దులో ఉండండి. మార్పిడి చేసేవాళ్లు నోట్లే తీసుకుంటారు, నాణేలు తీసుకోరు. మిగిలిన నాణేలతో గేటు దాటకముందే, టోగో వైపే బగెత్ (పొడుగాటి ఫ్రెంచి బ్రెడ్) రొట్టెలు కొనేయండి, సోగకోపె దాకా అవే టిఫిను.