రోజూ తలనొప్పి వస్తే బ్రెయిన్ ట్యూమరేనా?

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మీ తమ్ముడికి నెలరోజులుగా తలనొప్పి అన్నారు. చాలామందిలో అది మైగ్రేనో, నిద్ర చాలకపోవడమో అయి ఉంటుంది. కానీ తెల్లవారుజామున నిద్ర లేపేంతగా వచ్చి, దగ్గినా వంగినా ఎక్కువై, వాంతులతో వారం వారం ముదురుతుంటే న్యూరాలజిస్టుకు (మెదడు, నరాల డాక్టరుకు) చూపించాల్సిందే. పెద్దయ్యాక మొదటిసారి ఫిట్స్ వస్తే అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.

తలనొప్పి లేకుండానూ ట్యూమర్ ఉండొచ్చు. చొక్కా గుండీ పెట్టుకోబోతే ఒక చెయ్యి తడబడటం, తెలిసిన మాటకే వెతుక్కోవడం, ఒకటి రెండుగా కనిపించడం, శాంతంగా ఉండేవాడు చీటికీమాటికీ విసుక్కోవడం వంటివి ఇంట్లోవాళ్లే ముందు పసిగడతారు. దయచేసి ‘పని ఒత్తిడి’ అని కొట్టిపారేయకండి.

మెదడులో ఒత్తిడి పెరిగితే వచ్చే కంటి నరం వాపును కంటి డాక్టరు పట్టుకోగలరు; ట్యూమరో కాదో తేల్చడానికి మాత్రం ఎమ్మారై స్కాన్ కావాలి. బెంగళూరు హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ ఆస్పత్రిలో న్యూరాలజీ, న్యూరోసర్జరీ రెండూ ఉన్నాయి. ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, ఫిట్స్ 5 నిమిషాల్లో ఆగకపోయినా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.