పాత స్విచ్చిని జావా అడ్డుకుంటే

నాయనా,

రేణిగుంట ఫ్యాక్టరీలో పాత నెట్‌వర్క్ స్విచ్చి, ఫైర్‌వాల్ సెట్టింగులు మార్చే జావా పేజీలు తెరుచుకోవడం లేదన్నావు. జావా సెక్యూరిటీని మొత్తానికే సడలించే పని పెట్టుకోవద్దు. ఏ తలుపు మూసుకుందో చూసి ఆ ఒక్కటే తియ్యి. అదీ నీ రోజువారీ కంప్యూటర్‌లో వద్దు, ఇంటర్నెట్ తగలని ల్యాప్‌టాప్ ఒకటి దీనికే పెట్టుకో. అందులో జావా 8 వెయ్యి. జావా 11లో వెబ్ స్టార్ట్ (పేజీలోంచి జావా ప్రోగ్రాం నడిపేది) తీసేశారు, ఆ ప్రోగ్రాంను మొదలుపెట్టే జేఎన్‌ఎల్‌పీ ఫైలు దాంతో నడవదు.

ముందు సర్టిఫికెట్ (డివైస్ తానెవరో చూపించే గుర్తింపు పత్రం) తేదీలు చూడు. గడువు లెక్క ల్యాప్‌టాప్ గడియారంతోనే జరుగుతుంది. డివైస్ తేదీ ఏళ్ల వెనక ఉన్నప్పుడు తయారైన సర్టిఫికెట్టయితే పుట్టుకతోనే గడువు తీరి ఉంటుంది. తేదీ సరిచేసి కొత్తది పుట్టించు.

'అప్లికేషన్ బ్లాక్డ్' అంటే కంట్రోల్ ప్యానెల్‌లో జావా తెరిచి, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఎడిట్ సైట్ లిస్ట్ నొక్కు. డివైస్ ఉత్త ఐపీ అడ్రసు రాస్తే చాలదు. ముందు హెచ్‌టీటీపీఎస్, చివర పోర్టు నంబరు (8443 లాంటిది ఉంటే) కూడా రాయాలి.

'పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్' అంటే సంతకం చేసినవాణ్ణి జావా ఎరగదని. అదే ట్యాబ్‌లో మేనేజ్ సర్టిఫికెట్స్‌లోకి పోయి, ఆ సర్టిఫికెట్‌ను ఇంపోర్ట్ చెయ్యి: పేజీదైతే సెక్యూర్ సైట్ సీఏ కింద, ప్రోగ్రాం మీద సంతకానిదైతే సైనర్ సీఏ కింద (సీఏ అంటే సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ). పేరు కలవలేదంటే మాత్రం వేరే సంగతి. కొండ మీద దర్శనం టికెట్టులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే క్యూలో ఆపరూ, అట్లే ఇదీ. సర్టిఫికెట్‌లో ఉన్న పేరును ల్యాప్‌టాప్ హోస్ట్స్ ఫైలులో (ఏ పేరు ఏ ఐపీదో రాసుకునే ఫైలు) ఆ ఐపీకి రాసి, అదే పేరుతో తెరువు.

అసలు చిక్కు సంతకానికి, రహస్యంగా మాట్లాడుకోడానికి వాడే పాత అల్గారిథమ్‌లది. 2017 ఏప్రిల్ అప్‌డేట్ నుంచి ఎండీ5 అనే పాత పద్ధతి సంతకమున్న జార్‌ను (జావా ప్రోగ్రాం మూట) జావా సంతకం లేనిదానిగానే చూస్తుంది. 2021 ఏప్రిల్ నుంచి టీఎల్‌ఎస్ (హెచ్‌టీటీపీఎస్ వెనక భద్రత పద్ధతి) 1.0, 1.1 కూడా ఆగిపోయాయి. సైట్ లిస్టులో రాసినా ఇవి లొంగవు. జావా ఫోల్డర్‌లో లిబ్, అందులో సెక్యూరిటీ, దాంట్లో 'జావా డాట్ సెక్యూరిటీ' ఫైలు ఉంటుంది. కాపీ దాచుకుని, నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి మార్చు. 'డిసేబుల్డ్ అల్గారిథమ్స్' అని మూడు చోట్ల వస్తుంది: జార్‌కు, సర్ట్‌పాత్‌కు (సర్టిఫికెట్ల వరస పరీక్ష), టీఎల్‌ఎస్‌కు. జావా కన్సోల్‌లో (తప్పులు చూపే కిటికీ) ఏది తిట్టిందో ఆ వరసలోనే, ఆ ఒక్క పేరే తీసెయ్యి. వరస చివర వెనక్కి వాలిన గీత (\) ఉంటే తర్వాతి లైనూ దాని కొనసాగింపే. ఆ గీత తర్వాత ఒక్క ఖాళీ పడినా వరస అక్కడే తెగిపోతుంది, ఎందుకు పనిచెయ్యలేదో కంటికి ఆనదు.

మార్చినా ఫలితం లేకపోతే 32 బిట్, 64 బిట్ జావాలు రెండూ ఉన్నాయేమో చూడు. నువ్వు దిద్దింది ఒకటి, నడుస్తోంది ఇంకోటి కావచ్చు. జనరల్ ట్యాబ్‌లో తాత్కాలిక ఫైళ్లు కూడా చెరిపెయ్యి.

డివైస్‌కు కొత్త ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) దొరికితే ఈ తిప్పలేవీ వద్దు, 2048 బిట్ కీతో, షా256 అనే కొత్త పద్ధతి సంతకంతో సర్టిఫికెట్ మార్చుకో. దొరకకపోతే ఆ ల్యాప్‌టాప్‌లో జావా ఆటో అప్‌డేట్ ఆపెయ్యి. అప్‌డేటయితే నువ్వు దిద్దిందంతా కొత్తదాంట్లో ఉండకపోవచ్చు.

మీ పెదనాన్న