చద్దన్నం తింటే ఒళ్లు నొప్పులు పోతాయా?

మీరు అడిగింది ఇదీ: అమ్మగారికి 48 ఏళ్లు, మూడేళ్లుగా ఒళ్లంతా నొప్పులు, పొద్దున్న లేస్తూనే నీరసం, తిన్నాక కడుపు ఉబ్బరం. డాక్టరు ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్లంతా ఏళ్ల తరబడి నొప్పులు పెట్టే జబ్బు అన్నారు. చద్దన్నం, పెరుగు తింటే పేగుల్లో మంచి బాక్టీరియా పెరిగి నొప్పులు పోతాయని పాలకొల్లులో చుట్టాలు చెబుతున్నారు, నిజమేనా అని.

నొప్పులు పోవండీ. ఉబ్బరం, మలబద్ధకం సర్దుకుంటే రాత్రి నిద్ర పడుతుంది, నిద్ర పడితే నొప్పి ఓర్చుకునేలా ఉంటుంది. తిండి నుంచి అంతవరకు ఆశించండి. అదేమీ తక్కువ కాదు.

తిండి మార్చేముందు రక్తపరీక్షలు చూడాలి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బీ12, విటమిన్ డి, థైరాయిడ్, షుగరు, ఒంట్లో వాపు ఉందేమో చెప్పే ఈఎస్ఆర్, సీఆర్పీ. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఫెరిటిన్ 30 లోపు ఉన్నా నీరసం వస్తుంది, చాలా రిపోర్టుల్లో ఇక్కడే పొరపాటు జరుగుతుంది. బీ12 200 లోపు, విటమిన్ డి 20 లోపు ఉంటే ఆ లోటు పూడ్చకుండా ఎన్ని చద్దన్నాలు తిన్నా లాభం లేదు. షుగరుకి మెట్‌ఫార్మిన్, గ్యాసుకి పాంటోప్రజోల్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకి బీ12 తగ్గుతుంది. గోధుమ మానేద్దామనుకుంటే, మానకముందే సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని పేగు జబ్బు) పరీక్ష చేయించండి. మానేశాక చేయిస్తే జబ్బున్నా లేనట్టే వస్తుంది. బరువు తగ్గడం, మలంలో రక్తం, కీళ్లు వాచి పొద్దున్న గంటసేపు బిగుసుకుపోవడం, ఇందులో ఏది ఉన్నా తిండి ప్రయోగాలు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

రోజూ డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు వేస్తున్నారేమో చూడండి. ఫైబ్రోమయాల్జియా నొప్పికి అవి పెద్దగా పనిచెయ్యవు, కడుపులో పుండ్లు మాత్రం పడతాయి, కిడ్నీలకీ చెరుపే. ఆ మంటకి మళ్లీ గ్యాసు బిళ్ల. మానడం, మార్చడం మీ డాక్టరుతో మాట్లాడి చెయ్యండి.

ఇక చద్దన్నం. మంచిదే, చేసే పద్ధతిలోనే తేడా వస్తుంది. రాత్రి మిగిలిన అన్నం కుక్కర్లోనే వదిలేసి పొద్దున్న నీళ్లు పోసుకోవడం తప్పు. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మొలకెత్తి విషం వదులుతాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకని అన్నం పళ్లెంలో పరిచి ఫ్యాను కింద ఆరబెట్టి, గంట లోపే మట్టి ముంతలోకో స్టీలు గిన్నెలోకో తియ్యండి. సత్తు (అల్యూమినియం) గిన్నె వద్దు, పులుపు దాన్ని తింటుంది. కాచి చల్లార్చిన నీళ్లు అన్నం పైన రెండు వేళ్ల ఎత్తు నిలిచేలా పోసి, చెంచాడు పుల్లమజ్జిగ కలపండి. పులుపు తొందరగా ఎక్కితే చెడ్డవాటికి చోటుండదు. ఎండాకాలం 8 గంటలు, ధనుర్మాసం చలిలో 12 గంటలు. పొద్దున్న మెతుకు రెండు వేళ్ల మధ్య నలిపితే మెత్తగా విడిపోవాలి. తీగలా సాగినా, కుళ్లు వాసన వచ్చినా గేదెకి కూడా పెట్టకుండా పారబొయ్యండి.

కాచిన నీళ్లని ఎందుకన్నానంటే, ఎండాకాలం కాలువలకి నీళ్లు ఆపేశాక ఊరి మంచినీళ్ల చెరువు అడుగంటుతుంది. ఆ రోజుల్లో విరేచనాలు, ఉబ్బరం మొదలైతే ముందు మలపరీక్ష చేయించాలి. జియార్డియా, అమీబా అనే పేగుల్లోని పరాన్నజీవులు ఉంటే ఏ పెరుగూ వాటిని తరమదు.

చద్దన్నంలో, పెరుగులో ఉన్న బాక్టీరియా పేగుల్లో కాపురం పెట్టదు, వచ్చిపోయే చుట్టమే. అక్కడ కాపురమున్న వాటికి తిండి పీచు. మారుటేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ బియ్యమైనా సరే, మిల్లులో తెల్లగా పాలిష్ పట్టాక తవుడుతో పాటు పీచూ పోతుంది. మూడు వంతుల తెల్లబియ్యంలో ఒక వంతు దంపుడు బియ్యం కలిపి గంట ఎక్కువ నానబెట్టండి. ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, అరటిదూట రోజూ ఏదో ఒకటి. అయితే పీచు ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం రెట్టింపవుతుంది, వారానికి ఒక్క మార్పే. మలబద్ధకం తగ్గకపోతే ఇసబ్గోల్ ఒక చెంచా, పెద్ద గ్లాసుడు నీళ్లతో. నీళ్లు తక్కువైతే అదే లోపల అడ్డుపడుతుంది.

ఉబ్బరం మొండిగా ఉంటే అప్పుడు పేగుల్లో పులిసే పదార్థాలు తగ్గించి చూడాలి. ఆస్ట్రేలియాలో మోనాష్ యూనివర్సిటీ వాళ్లు రూపొందించిన ఈ పద్ధతిని లో-ఫాడ్‌మ్యాప్ అంటారు. 2 నుంచి 6 వారాలు మానడం, తర్వాత ఒక్కొక్కటే తిరిగి చేర్చి చూడడం. మన వంటింట్లో మానాల్సినవి ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, కందిపప్పు, సెనగలు, పాలు, పండిన మామిడి, పనస తొనలు, పుచ్చకాయ. అన్నం, గుడ్డు, చేప, పెసరపప్పు కొద్దిగా, బాగా పండిన జామ, బొప్పాయి తినొచ్చు. అరటిపండు మరీ మగ్గింది వద్దు, గట్టిగా ఉన్నది పరవాలేదు. కోనసీమ వాళ్లకి కష్టం కలిగే మాట ఒకటుంది: కొబ్బరిబొండం అరగ్లాసుతో ఆపాలి. రెండు బొండాలు పూర్తిగా తాగితే అవే పొట్ట ఉబ్బిస్తాయి.

వెల్లుల్లి రుచి వదులుకోనక్కర్లేదు. ఉబ్బరం తెచ్చే పదార్థం నూనెలో కరగదు. నాలుగు రెబ్బలు చిదిమి నూనెలో వేయించి, తీసేసి, ఆ నూనెతో పోపు పెట్టండి. ఆ నూనె ఏ పూటకా పూటే, సీసాలో దాచకూడదు, విషమవుతుంది. ఉల్లికాడల పచ్చటి భాగం వాడొచ్చు. ఇంగువ డబ్బా మీద పదార్థాల జాబితా చదవండి, చాలావాటిలో మైదా కలుపుతారు.

తిరిగి చేర్చేటప్పుడు మొదటి రోజు చెంచాడు వేయించిన ఉల్లి, రెండో రోజు రెండు, మూడో రోజు పావు ఉల్లిపాయ. తర్వాత మూడు రోజులు విరామం ఇచ్చి వేరే పదార్థం. ఏం తిన్నారు, ఉబ్బరం, నిద్ర, నొప్పి పదికి ఎంత, నాలుగే గడులు గీసి రాయండి. ఇంతకంటే ఎక్కువ రాయమంటే వారంలో మానేస్తారు. మానిన జాబితాతోనే నెలల తరబడి ఉండిపోకూడదు, మంచి బాక్టీరియా కూడా పస్తుంటుంది. బక్కగా ఉన్నవాళ్లు డైటీషియన్ లేకుండా ఇది మొదలుపెట్టకండి.

మొదలుపెట్టడానికి కార్తీకమాసం వీలు. ఇంట్లో ఎలాగూ ఉల్లి, వెల్లుల్లి మానేస్తారు కాబట్టి అమ్మగారికి వేరే వంట అక్కర్లేదు. నక్తాలు మాత్రం ఆ నెలకి వద్దు. పగలంతా పస్తుండి రాత్రి ఒక్కసారే తింటే దానికీ ఉబ్బరం వస్తుంది, ఏది దేనివల్లో తేలదు.