ఈకలు రాలుస్తున్న కోళ్లకు నట్టల మందు పోయొచ్చా?

ప్రశ్న: మా పెరట్ల 12 నాటుకోళ్లున్నయి. దసరా దాటినప్పటి సంది ఈకలు రాలుస్తున్నయి, గుడ్లు పెట్టుడు బందయింది. నిన్న గూడు ఊడుస్తుంటే రెట్టల వేలెడు పొడుగు తెల్లటి పురుగు కనబడ్డది. గొర్లకు పోసిన ఫెన్‌బెండజోల్ కొంచెం మిగిలింది. అదే పోయొచ్చా?
– నర్సంపేట దగ్గరి పాఠకురాలు

జవాబు: ఇప్పుడు పోయకండి. పొద్దు తగ్గే రోజుల్లో కోడి ఈకలు మార్చుకోవడం, గుడ్లు ఆపడం జబ్బు కాదు. పురుగు కనబడింది కాబట్టి మందు మాత్రం తప్పదు, కానీ వేరేది కావాలి. ఫెన్‌బెండజోల్ కొత్తగా ముళ్లలా పొడుచుకొస్తున్న ఈకలను దెబ్బతీస్తుంది. వంకరగా, చీలికలుగా వచ్చిన ఆ ఈక మళ్లీ రాలేదాకా అట్లనే ఉంటుంది. ఇంకో నట్టల మందు ఆల్బెండజోల్‌దీ అదే కుటుంబం, అదీ వద్దు.

పురుగు గుండ్రంగా, రెండు కొసలూ సన్నగా ఉంటే ఏలికపాము. దానికి పైపరజిన్ వాడండి, ఈకలకు ఇబ్బంది లేదు. పెద్ద కోడికి 100 మిల్లీగ్రాముల బేస్ (అంటే అసలు మందు) చాలు. సీసా మీద 1 మి.లీ.లో 400 మి.గ్రా. బేస్ అని ఉంటే 12 కోళ్లకు 3 మి.లీ. రాత్రి నీళ్ల గిన్నె తీసేసి, తెల్లారి కోళ్లను గూట్లోనే ఉంచి, లీటరు నీళ్లలో కలిపి పెట్టండి. బయటికి వదిలితే గుంతల్లో నీళ్లు తాగొస్తాయి, మందు ముట్టవు. రొమ్ము ఎముక కత్తి అంచులా చేతికి తగిలే బక్క కోడి గిన్నె దాకా రాదు. దాని వంతు 0.25 మి.లీ. కొద్ది నీళ్లలో కలిపి, సూది తీసిన సిరంజితో ముక్కు పక్క నుంచి చుక్కలుగా పోయండి. గబుక్కున పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పైపరజిన్ పెద్ద పురుగులనే పడగొడుతుంది, పేగు గోడలో దాగిన పిల్లలు మిగులుతాయి. అందుకే 2–3 వారాలకు మళ్లీ ఇవ్వాలి. మందు పడ్డాక కనీసం 14 రోజులు, లేబుల్ మీద ఇంకా ఎక్కువ ఉంటే అన్ని రోజులు, మాంసం, గుడ్లు తినకండి.

రెట్టలో బియ్యపు గింజల్లాంటి తెల్లటి ముక్కలు కనిపిస్తే అది బద్దె పురుగు. పైపరజిన్ దాని మీద పనిచేయదు. రెట్టను పశువైద్యశాలలో చూపించండి. రక్తం పడితే ఆ జబ్బే వేరు, ఆలస్యం చేయొద్దు.

ఈకంటే దాదాపు అంతా ప్రొటీనే. ఈ నెలలో ఒట్టి మక్కలు, నూకలతో సరిపెట్టకండి. పల్లిచెక్క, ఉప్పు కడిగి ఎండబెట్టిన చేపల పొడి కలపండి.

మందు వేశాక మూడు రోజులు రెట్ట రోజూ ఎత్తి దూరంగా పూడ్చండి. తడి ఊకలో పురుగు గుడ్డు రెండు వారాల్లో అంటుకునే దశకు వస్తుంది, ఫినాయిల్‌కు చావదు. పాత ఊక మొత్తం తీసేసి, నేలను బాగా ఎండనిచ్చాకే కొత్తది పరవండి.