పడవ పలక మార్చడం, వార్నిష్ నిలవడం

ప్రశ్న: మా చెక్క పడవలో పక్క పలక ఒకటి నీటిమట్టానికి కాస్త పైన రెండడుగుల మేర మెత్తబడింది. మందం 20 మి.మీ. కొత్త ముక్కకు ఏ చెక్క మంచిది? వార్నిష్ కూడా ఏడాది తిరక్కముందే పెచ్చులూడుతోంది. ఎందుకు?

జవాబు: పాత పలక ఏ చెక్కో చూసి, వీలైతే అదే వేయండి. రెండు రకాల చెక్క నీటికి ఒకేలా ఉబ్బదు. ఆ తేడా అంతా అతుకు మీద పడుతుంది. చెక్క పేరుకన్నా ముఖ్యం చేవ, అంటే మాను నడిమి గట్టి చెక్క. టేకైనా సరే, చేవ చుట్టూ ఉండే లేతరంగు చెక్క త్వరగా పుచ్చుతుంది. ఆ అంచున్న పలక తీసుకోవద్దు. పలక కొసన చెట్టు వయసు వలయాల గీతలు నిలబడి ఉండాలి, పడుకుని ఉంటే పలక దొప్పలా వంగుతుంది. తేమ మీటరు 12–15 శాతం చూపితే సరే. 20 దాటిన చెక్కలో పుచ్చు పట్టే శిలీంధ్రం బతుకుతుంది.

ఉలి మొనతో గుచ్చుతూ గట్టి చెక్క తగిలేదాకా వెళ్లండి, అక్కడినుంచి నార వెంట ఇంకో జానెడు కోసేయండి. పుచ్చు కంటికి కనిపించేదానికంటే దూరం పాకి ఉంటుంది. అతుకు ఏటవాలుగా, మందానికి ఎనిమిది రెట్లు, అంటే మీకు 160 మి.మీ. ఉండాలి. కొసకు కొస నిటారుగా అంటిస్తే చెక్క జిగురును పీల్చేసుకుంటుంది, అతుకు నిలవదు. ముందు పల్చటి ఎపాక్సీ జిగురు పూసి తాగనిచ్చి, ఆపైన చిక్కటిది పెట్టండి. క్లాంపు మరీ బిగిస్తే జిగురంతా బయటికొచ్చేస్తుంది. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అంటించే ముందు ఎసిటోన్‌తో తుడవాల్సిందే.

ఇత్తడి స్క్రూలు వద్దు. ఉప్పునీటిలో వాటిలోని జింకు కరిగిపోయి పెళుసుబారతాయి. సిలికాన్ కాంస్యం స్క్రూలు వాడండి.

ఇక వార్నిష్. పెచ్చులూడటానికి కారణం చాలాసార్లు పైపూత కాదు, లోపలికి చేరిన నీళ్లు. స్క్రూ రంధ్రాల్లోంచి, అడ్డంగా కోసిన కొసల్లోంచి నీరు దిగి, ఎండకు ఆవిరై పూతను కిందినుంచి లేపుతుంది. అందుకే స్క్రూ బిగించక ముందే రంధ్రం లోపల, కొసల మీద రెండు మూడు సార్లు పూత తాగించండి. మొదటి పూతకు సగం థిన్నర్, రెండోదానికి పావు, ఆపైన కలపకుండా, మొత్తం ఆరు నుంచి ఎనిమిది పూతలు వేయండి. మధ్యలో 220 నుంచి 320 నంబరు శాండ్ పేపర్‌తో రుద్దాలి. ఇనుప ఉన్ని వాడితే దాని తునకలు చెక్కలో చిక్కి తుప్పు మచ్చలవుతాయి. ఎండ తగిలేచోట ఎపాక్సీని వట్టిగా వదిలినా పాడవుతుంది. దానిపైన అతినీలలోహిత కిరణాలను ఆపే వార్నిష్ వేయండి. మెరుపు తగ్గడం మొదలవగానే తేలిగ్గా రుద్ది ఒకటి రెండు పూతలు వేసుకుంటే మళ్లీ మొత్తం గీకే పని పడదు.