పొరుగు రౌటర్ నమ్మకమైనదే, మరి దాని మీదుగా వచ్చేది?

ప్రశ్న: మా నెట్‌వర్క్‌లో బీజీపీ (నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి) కోసం ఎఫ్‌ఆర్‌రౌటింగ్ అనే ప్రోగ్రాము వాడుతున్నాం. పొరుగు నెట్‌వర్క్‌లు రెండే, రెండూ తెలిసినవే. వాటితో ఉండే సెషన్లకు (కనెక్షన్లకు) పాస్‌వర్డ్ ఉంది, ఆర్‌పీకేఐ కూడా ఆన్ చేశాం. వెర్షన్ పాతదే కానీ బాగా నడుస్తోంది, ఇప్పుడు దాన్ని కదపాలంటే టెన్షన్‌గా ఉంది. అప్‌డేట్ చేయక తప్పదా?

జవాబు: తప్పదు. పాస్‌వర్డ్ వల్ల తేలేది అవతల ఉన్నది మీ పొరుగు రౌటరేనని, అంతే. ఆర్‌పీకేఐ చూసేది ఆ ఐపీ అడ్రసులను ప్రకటించే హక్కు ఫలానా నెట్‌వర్క్‌కు ఉందా లేదా అని. మెసేజ్ లోపలి బైట్లు సరిగ్గా ఉన్నాయా అన్నది ఈ రెండూ పట్టించుకోవు.

దారులు చెప్పే బీజీపీ మెసేజ్‌లో వచ్చే కొన్ని యాట్రిబ్యూట్లను (దారి గురించిన అదనపు వివరాలను), అర్థం కాకపోయినా సరే, ముట్టుకోకుండా పక్క రౌటర్‌కు అందించాలన్నది నియమం. కొత్త సౌకర్యాలు పాత రౌటర్లను దాటి వెళ్లాలని పెట్టారు, ఉద్దేశం మంచిదే. కానీ పాడైన యాట్రిబ్యూట్ కూడా అలాగే, దాన్ని చదవడం రాని రౌటర్లన్నీ దాటుకుంటూ వచ్చి, చదవడం వచ్చిన రౌటర్‌నే దెబ్బతీస్తుంది. మీ పొరుగువాళ్ల తప్పేమీ ఉండదు, వాళ్లకది కనిపించను కూడా కనిపించదు. 2023 జూన్‌లో బ్రెజిల్‌లోని ఒక చిన్న నెట్‌వర్క్ నుంచి బయల్దేరిన పాడైన యాట్రిబ్యూట్ ఇలాగే ప్రయాణించి, ఎక్కడెక్కడో సెషన్లు తెంచేసింది.

సెషన్ తెగితే మళ్లీ కలుస్తుంది కదా అనుకోకండి. కలవగానే పొరుగు రౌటర్ తన దారుల టేబుల్ మొత్తం మొదటి నుంచి పంపుతుంది, ఆ చెడ్డ మెసేజ్ కూడా అందులోనే వస్తుంది, మళ్లీ తెగుతుంది. అది టేబుల్‌లోంచి పోయేదాకా ఇదే వరస. తప్పు కనిపిస్తే చాలు సెషన్ తెంచేయమన్న పాత పద్ధతిని 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7606 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం మార్చింది: చాలా తప్పులకు ఆ ఒక్క దారిని వదిలేస్తే చాలు, సెషన్ నిలబడాలి. అన్ని ప్రోగ్రాములూ దీన్ని పూర్తిగా పాటించకపోవడమే అసలు బాధ. మీ ఎఫ్‌ఆర్‌రౌటింగ్‌లోనూ 7.5.1 నుంచి 9.0 వరకు, 23వ నంబర్ యాట్రిబ్యూట్ పాడై వస్తే సేవ ఆగిపోయే లోపం ఉంది, సీవీఈ-2023-38802 (లోపాల జాబితాలో దాని నంబర్) అని వెతకండి. ముందు మీ వెర్షన్ ఈ మధ్యలో ఉందేమో చూడండి.

బీజీపీ వాడే 179 పోర్టును మీ ఇద్దరు పొరుగులకు తప్ప ఎవరికీ తెరవకండి. ఫోర్‌స్కౌట్ అనే భద్రతా సంస్థ 2023లో బయటపెట్టిన మూడు లోపాలు కూడా ఎఫ్‌ఆర్‌రౌటింగ్‌లోవే, వాటిలో రెండు అవతలి ఏఎస్ నంబర్‌ను (నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్యను) సరిచూడకముందే పనిచేస్తాయి. అందుకే, అంతకంటే ముందే అడ్డుకునే పాస్‌వర్డ్‌ను మాత్రం తీసేయకండి.

ఇక టెన్షన్ సంగతి. రెండు పొరుగులూ వేర్వేరు రౌటర్ల మీద ఉంటే పని సులువు: గ్రేస్‌ఫుల్ షట్‌డౌన్‌తో (సెషన్ ఆపేముందే ఆ దారిని వాడొద్దని పొరుగుకు చెప్పే సౌకర్యం) ఒకదాని ట్రాఫిక్‌ను రెండోదానికి మళ్లించి, అప్‌డేట్ చేసి, దారులన్నీ తిరిగొచ్చాయని చూసుకున్నాకే రెండోది మొదలుపెట్టండి. రెండూ ఒకే రౌటర్ మీద ఉంటే కాసేపు ఆగిపోవడం ఖాయం, అందరికీ ముందే చెప్పి తక్కువ రద్దీ ఉండే వేళ చూసుకోండి.