ఆకులు పండేదాకా ఆగండి: క్రోకస్ మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దుంప నుంచి వచ్చే చిన్న పూలమొక్క క్రోకస్ గురించే ఉన్నాయి. నేను ఈ మొక్కను పెంచుతూ పదిహేనేళ్లయింది. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. ఒకే ప్రశ్న చాలామంది అడిగినచోట వివరంగా రాసిన ఉత్తరాన్ని తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్, పోయిన ఏడాది పాతిక క్రోకస్ దుంపలు నాటాను. ఊదా, తెలుపు, పసుపు రంగుల్లో ఎంత బాగా పూశాయో! ఈ ఏడాది గడ్డిలాగా ఆకులు తప్ప ఒక్క మొగ్గ కూడా రాలేదు. ఎరువు బాగానే వేశాను. పోయినసారి పూలు అయిపోయాక చూడటానికి బాగోలేదని ఆకులు కత్తిరించి శుభ్రం చేశాను. దుంపలు పాడైపోయాయా? తీసి పారేయమంటారా?

జవాబు: పారేయకండి. దుంపలు బతికే ఉన్నాయి, కాకపోతే ఆకలితో ఉన్నాయి. మీరు మామూలుగా చెప్పేసిన ఆ ఒక్క వాక్యంలోనే కారణం ఉంది: ఆకులు కత్తిరించారు.

పోయిన వారం నా కుండీల్లో ఒకటి పూర్తిగా ఎండిపోయాక పాత పేపరు పరిచి దాని మీద బోర్లించాను. అందులో కనిపించింది చెబితే మీకు విషయం అర్థమవుతుంది. ఒక్కో దుంప చుట్టూ జాలీలా అల్లుకున్న గోధుమరంగు నార ఉంది. దాన్ని వేలితో ఒలిస్తే లోపల నున్నగా, గట్టిగా, తెల్లగా కొత్త దుంప. దాని అడుగున అతుక్కుని ఒక ముడతలు పడిన అట్టముక్కలాంటిది ఉంది. గోటితో తోస్తే ఊడి వచ్చేసింది. నేను నాటిన అసలు దుంప అదే. ఏడాది తిరిగేసరికి తనలో ఉన్నదంతా పువ్వుకీ ఆకుకీ ఇచ్చేసి అలా అయిపోయింది. క్రోకస్‌లో ఏ దుంపా రెండో ఏడాది ఉండదు. పాతది కరిగిపోతుంది, దాని నెత్తిన కొత్తది పుడుతుంది.

మరి ఆ కొత్త దుంపకు తిండి ఎక్కడిది? పూలు వాడిపోయాక మిగిలే ఆకులే పెట్టాలి. ఆ తర్వాత దాదాపు ఆరు వారాలు అవి ఎండలో నిలబడి వండి దుంపకు పంపిస్తాయి. మీరు కత్తిరించింది ఆ సమయంలోనే. మొదటి ఏడాది మీరు చూసిన పూలు మీ తోటలో తయారైనవి కావు. దుంపల్ని పెంచి అమ్మినవాళ్ల పొలంలో తయారై, పుట్టింటి సొమ్ములా వెంట వచ్చినవి. రెండో ఏడాది నుంచి పూయించాల్సింది మీ మట్టి, మీ ఎండ, ముఖ్యంగా మీ ఓపిక.

కాబట్టి ఈ ఏడాది వచ్చిన ఆకుల్ని ముట్టుకోకండి. జడల్లా అల్లడం, రబ్బరు బ్యాండుతో ముడి వేయడం కూడా వద్దు. ఆకుకు ఎండ తగలదు. పసుపు తిరిగి, లాగితే తమంతట తామే ఊడి వచ్చేదాకా ఆగండి. పచ్చికలో నాటినవాళ్లు అప్పటిదాకా ఆ ముక్కలో గడ్డి కోయకూడదు. చూడటానికి చిందరవందరగా ఉంటుంది, నిజమే. ముందు వరసలో వేరే చిన్న మొక్కలు పెట్టుకుంటే ఆ కంగాళీ కంటికి ఆనదు.

ఎరువు సంగతి. మీరు ఏ ఎరువు వేశారో రాయలేదు. నత్రజని ఎక్కువైతే ఆకులు ఏపుగా వస్తాయి, దుంప మెత్తబడి కుళ్లుకు దొరికిపోతుంది. పొటాష్ ఎక్కువ, నత్రజని తక్కువ ఉన్నది పూలు వాడిపోగానే ఒక్కసారి వేస్తే చాలు. నిద్రపోతున్న దుంపకు ఎరువు అక్కర్లేదు.

ఇంకో మాట. మూడు నాలుగేళ్లు కదపకుండా వదిలేసిన గుంపులు కూడా ఇలాగే ఆకులకే పరిమితమవుతాయి. దుంపలు పిల్లలు పెట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, ఎవరికీ కడుపు నిండదు. ఆకులు ఎండాక తవ్వి, విడదీసి, మళ్లీ 8 నుంచి 10 సెంటీమీటర్ల లోతున, ఒకదానికొకటి నాలుగు వేళ్ల దూరంలో నాటండి. బఠాణీ గింజంత పిల్లదుంపలు పూతకు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. నేను వాటిని విడిగా ఒక తొట్టిలో పెంచుతాను. తవ్వేటప్పుడు ఆ చిన్నవాటికి తెల్లగా, లావుగా, ముడతలు ముడతలుగా ఒక వేరు కనబడితే తెంపకండి. ఆ వేరు ముడుచుకుంటూ దుంపను మట్టిలోకి, సరిపడే లోతుకి లాక్కుంటుంది. కాస్త పైపైన నాటినా ఏళ్లు గడిచేకొద్దీ క్రోకస్ తన చోటు తాను సర్దుకునేది ఇలాగే.

ప్రశ్న: మేముండే చోట చలికాలం పెద్దగా చల్లగా ఉండదు. దుంపల్ని ఫ్రిజ్‌లో పెడితే పూస్తాయని విన్నాను. నిజమేనా? ఎన్ని రోజులు పెట్టాలి?

జవాబు: నిజమే. వసంతంలో పూసే క్రోకస్‌కు పువ్వు వేసవి నిద్రలోనే దుంప లోపల తయారైపోతుంది. అది సరిగ్గా సాగి పైకి రావాలంటే 12 నుంచి 15 వారాల చలి తగలాలి. 4 నుంచి 9 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే బాగుంటుంది. మామూలు ఫ్రిజ్ ఆ పని చేస్తుంది. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి, చచ్చిపోతాయి.

వెనక నుంచి లెక్క వేసుకోండి. మీ దగ్గర ఏడాది మొత్తంలో బాగా చల్లగా ఉండే వారాలు ఏవో చూసి, అంతకు మూడు, మూడున్నర నెలల ముందు ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీశాక వేడి తగిలితే పూలు రెండు రోజుల్లో సోలిపోతాయి.

ఇక్కడ నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్పాలి. మొదటిసారి ముప్పై దుంపల్ని కాగితం సంచిలో వేసి ఫ్రిజ్ అడుగు అరలో, పండ్ల పక్కన పెట్టాను. మూడు నెలలు వారం వారం తీసి చూసుకున్నాను. దుంపలు గట్టిగానే ఉన్నాయి. నాటాక ఆకులు వచ్చాయి, మొగ్గలు మాత్రం కాగితంలా ఎండిపోయి లోపలే ఉండిపోయాయి. ఒక మొగ్గను బ్లేడుతో చీరి చూస్తే కేసరాలు గోధుమరంగు దారప్పోగుల్లా ఉన్నాయి. పండుతున్న యాపిల్‌లాంటి పండ్ల నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది. దుంపలో నిద్రపోతున్న పువ్వును అది చంపేస్తుంది. ఆ సంగతి తర్వాత తెలిసింది. ముప్పైలో ఒక్కటీ పూయలేదు. అప్పటి నుంచి దుంపలు ఫ్రిజ్‌లో ఉన్నన్నాళ్లూ పండ్లు అందులోకి వెళ్లవు. ఇంట్లో అందరికీ ఈ రూలు తెలుసు.

ఇప్పుడు నేను చేసే పద్ధతి వేరు. ఇసుక బాగా కలిపిన మట్టితో చిన్న కుండీ నింపి, దుంపల్ని దగ్గర దగ్గరగా నాటి, కొద్దిగా తడిపి, కుండీతో సహా ఫ్రిజ్‌లో పెడతాను. ఆ చల్లదనంలోనే వేళ్లు దిగుతాయి. పది రోజులకోసారి వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటే నాలుగు చెంచాల నీళ్లు. మొలకలు రెండంగుళాలు వచ్చాక బయటికి తీసి, మొదట వారం నీడలో, తర్వాత వెలుతురులో ఉంచుతాను. రెండు మూడు వారాల్లో పూస్తాయి.

ఒకటి మాత్రం దాచకుండా చెబుతాను. వేడి ప్రాంతంలో ఇలా పూయించిన దుంప రెండో ఏడాది పూయడం అరుదు. ఆకులు పని చేయాల్సిన ఆరు వారాలూ ఎండ ముదిరిపోయి, అవి తొందరగా మాడిపోతాయి. ఒక సీజను పువ్వు కోసమే అనుకుని మొదలుపెడితే మనసు కష్టపెట్టుకోనక్కర్లేదు. ఆ కొద్దిరోజుల పువ్వు కోసమే నేను ఏటా ఇంత చాకిరీ చేస్తాను.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. మా క్రోకస్ మధ్యాహ్నం విచ్చుకుంటుంది, సాయంత్రం ముడుచుకుంటుంది. మబ్బు పట్టిన రోజు అసలు విప్పుకోదు. దానికి ఎలా తెలుస్తుంది?

జవాబు: చాలా బాగా గమనించావు బాబూ. దానికి తెలిసేది ఎక్కువగా వేడి. రేకుకు లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి ఉంటాయి కదా. వేడి పెరిగితే లోపలి వైపు త్వరగా పెరుగుతుంది, రేకు బయటికి వంగి పువ్వు విచ్చుకుంటుంది. చల్లబడితే బయటి వైపు పెరుగుతుంది, పువ్వు మూసుకుంటుంది. అంటే తెరిచి మూసిన ప్రతిసారీ రేకు కాస్త పొడుగవుతుంది. మొదటి రోజు పువ్వునీ చివరి రోజు పువ్వునీ స్కేలుతో కొలిచి నాకు రాయి.

పొద్దున్నే మూసుకుని ఉన్న కుండీని వెచ్చటి గదిలోకి తెచ్చి ఎదురుగా కూర్చో. కొన్ని నిమిషాల్లోనే కదలిక మొదలవుతుంది. చల్లగా, వానగా ఉన్నప్పుడు తేనెటీగలు రావు; అప్పుడు పువ్వు తెరిచి ఉంటే పుప్పొడి తడిసిపోవడం తప్ప లాభం లేదు. ఇంకో వింత: పువ్వు కింద కాడలా కనిపించేది కాడ కాదు, పువ్వు తాలూకు గొట్టమే. అండాశయం మట్టి లోపల, దుంప దగ్గర ఉంటుంది.

ప్రశ్న: మేడమ్, కుంకుమపువ్వు కూడా క్రోకసేనట కదా. ఇంట్లో కుండీల్లో పెంచి కుంకుమపువ్వు తీసుకోవచ్చా? నా దగ్గర శరదృతువులో పూసే క్రోకస్ ఉంది. దాని కేసరాలు వాడుకోవచ్చా?

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే ఇందులో ప్రాణాలకు సంబంధించిన సంగతి ఉంది. ఆ మొక్క ఏదో ఖాయంగా తెలిసేదాకా దేన్నీ నోట్లో పెట్టుకోకండి. ‘ఆటమ్ క్రోకస్’ అన్న పేరుతో కోల్చికమ్ అనే వేరే మొక్కను కూడా అమ్ముతారు. అది అసలు క్రోకస్ కుటుంబమే కాదు, మన అడవినాభి కుటుంబం. అడవినాభిలో ఉండే కోల్చిసిన్ అనే విషమే దాని నిండా ఉంటుంది. విరుగుడు లేదు.

తేడా కనిపెట్టడం కష్టం కాదు. పువ్వు లోపల పుప్పొడి ఉండే కేసరాలు లెక్కపెట్టండి. క్రోకస్‌కు మూడు. కోల్చికమ్‌కు ఆరు. ఆకు చూడండి: క్రోకస్ ఆకు గడ్డిపోచలా సన్నగా, మధ్యలో తెల్లటి గీతతో ఉంటుంది. కోల్చికమ్ ఆకు వెడల్పు, పైగా పువ్వున్నప్పుడు ఆకే ఉండదు. మూడు లెక్క వచ్చినంత మాత్రాన కూడా తినదగిందని కాదు. తినేందుకు పనికొచ్చేది కుంకుమపువ్వు ఇచ్చే క్రోకస్ సటైవస్ ఒక్కటే అనుకుని, ఆ పేరుతో నమ్మకంగా దొరికిన దుంపల నుంచి మాత్రమే తీసుకోండి.

మొదటి ప్రశ్నకు వస్తే, పెంచవచ్చు. మనం కుంకుమపువ్వు అని పిలిచేది నిజానికి పువ్వు కాదు. ఊదారంగు పువ్వు మధ్య నుంచి వేలాడే మూడు ఎర్రటి కీలాగ్రాలు. ఒక పువ్వుకు మూడే. ఎండబెట్టిన కుంకుమపువ్వు ఒక్క గ్రాము కావాలంటే దాదాపు 150 పూలు కావాలి. ఇరవై మంచి దుంపలు నాటి, ముప్పై పూలు పూశాయనుకోండి, గ్రాములో అయిదో వంతు వస్తుంది. చిన్న గాజుసీసా అడుగున చిటికెడు. అది నా చేతుల్లో మొదటిసారి పడినప్పుడు కలిగిన సంతోషం మాత్రం ఏ తూకానికీ అందేది కాదు.

దీని అవసరాలు వసంత క్రోకస్‌కు తిరగబడి ఉంటాయి. పూతకు ఫ్రిజ్ అక్కర్లేదు. వేసవి నిద్రలో 23 నుంచి 27 డిగ్రీల వెచ్చదనంలో దుంపలో మొగ్గ కడుతుంది. తర్వాత 17 డిగ్రీల దాకా చల్లబడితే పైకి వస్తుంది. పూలయ్యాక ఆకులకు చల్లటి, ఎండ ఉన్న కాలం నెలల తరబడి కావాలి. దుంప కనీసం 8, 10 గ్రాములుంటేనే పూత ఆశించండి. కొనేటప్పుడు తూచి చూడండి. 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతున నాటండి.

పువ్వు విచ్చుకున్న రోజు పొద్దున్నే కోసి, కీలాగ్రాలు గిల్లి, తెల్లకాగితం మీద గాలి తగిలే నీడలో విరిస్తే విరిగేదాకా ఆరనివ్వండి. బరువు అయిదో వంతుకు పడిపోతుంది. వాసన పుట్టేది కూడా అలా ఎండేటప్పుడే. చీకట్లో, గాలి చొరని సీసాలో పెట్టి నెల తర్వాత మూత తీయండి.

విత్తనాల కోసం చూడకండి, ఇది విత్తనం కట్టదు. దీనికి 8 చొప్పున మూడు వరసల క్రోమోజోములుంటాయి, జతపడవు. గ్రీసులో పెరిగే క్రోకస్ కార్ట్‌రైటియానస్ అనే అడవి జాతి నుంచి ఇది వచ్చిందని 2019లో జన్యు పరిశోధనలు తేల్చాయి. పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా మనిషి దుంపను విడదీసి నాటితేనే ఈ మొక్క ఉంది. మీ కుండీలో ఉన్నదీ ఆ వరసలోదే.

ప్రశ్న: ఎలుకలు, ఉడతలు దుంపల్ని తవ్వి తినేస్తున్నాయి. మందు పెట్టాలని లేదు.

జవాబు: మందు వద్దు. దుంపలు నాటి, కాస్త మట్టి కప్పి, పైన అరంగుళం కళ్లున్న ఇనుప జాలీ పరిచి, మళ్లీ మట్టి వేయండి. మొలకలు ఆ కళ్లలోంచి వచ్చేస్తాయి. నాటేటప్పుడు ఊడిన నార, పొట్టు అక్కడే వదలకండి, ఆ వాసనకే వస్తాయి. క్రోకస్ టోమసినియానస్ అనే రకాన్ని ఉడతలు అంతగా ముట్టుకోవు.

ప్రశ్న: ఆకులు ఎండిపోయాక కుండీకి రోజూ నీళ్లు పోయాలా?

జవాబు: ఒక్క చుక్క కూడా వద్దు. కుండీ మీద పేరు, తేదీ రాసి, వాన పడని చోట, గాలి ఆడే మూల పెట్టేయండి. నా దగ్గర కుళ్లిపోయిన దుంపల్లో ఎక్కువ భాగం నిద్రలో ఉండగా ఎవరో జాలిపడి నీళ్లు పోసినవే. మళ్లీ నాటే రోజు బొటనవేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉన్నవి నాటండి, మెత్తబడినవి పక్కన పెట్టి మిగతా తోటకు దూరంగా పారేయండి.